మనోడే గదా అంటే సాత్‌బారా అవుతుందా?

ఇది పొడుగు పోస్టు, టీ పక్కన పెట్టుకుని కూర్చోండి. ముప్పై లక్షల బేరం పది నిమిషాల్లో తేల్చేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. దానికి పది నిమిషాలు చాలినప్పుడు దీనికి ఇరవై ఇవ్వడం ఎక్కువ కాదు.

ఈ నెలలో మన గ్రూపులో వచ్చిన స్థలాల, గదుల, గాలాల ప్రకటనలు మళ్లీ ఒకసారి పైకి జరిపి చూడండి. పైన దేవుడి బొమ్మ. కింద ఫోన్ నంబరు. మధ్యలో 'సంఘం సభ్యులకు ప్రత్యేక ధర', 'మెట్రో పక్కనే', 'నాలుగే మిగిలాయి'. సర్వే నంబరు ఒక్కదాంట్లో లేదు. రేరా నంబరు లేదు. కట్టడానికి అనుమతి ఎవరిచ్చారో లేదు. ఇది అడిగితే వచ్చే జవాబు కూడా ఒకటే: "మనోడే గదన్నా, ఏమైతది?"

ఈ 'మనోడే గదా' మీదనే మా గొడవ. మా అంటే సాయంత్రం వరాలదేవి చెరువు గట్టున కూర్చునే రిటైరైన మనుషులది. మాలో రైల్వే గుమాస్తా ఉన్నాడు, లెక్కలు రాసిన మెహతాజీ ఉన్నాడు, సాంచాలు నడిపి నడిపి చెవులు వినపడనివాడూ ఉన్నాడు. మాకు ఏ బిల్డరుతోనూ పగ లేదు, ఏ బిల్డరు దగ్గరా కమిషనూ లేదు. రెండోది అందరూ చెప్పగలిగితే బాగుండును.

ముందు ఈ డబ్బు ఎక్కడిదో గుర్తు చేసుకుందాం. ఇది షేర్ మార్కెట్‌లో ఆడుకునే వాళ్ల డబ్బు కాదు. కరీంనగర్ నుంచి, సిరిసిల్ల నుంచి, నల్లగొండ నుంచి, వరంగల్ నుంచి వచ్చి, రాత్రి పాళీ పగటి పాళీ అని లేకుండా దూది పొగలో నిలబడి సంపాదించిన డబ్బు. నూలు ధర పెరిగి, గుడ్డ ధర పడిపోయి, కరెంటు బిల్లు మోయలేక సాంచాలను కిలోల లెక్కన తుక్కువాడికి తూకం వేసి ఇచ్చేసిన డబ్బు. ఊళ్లో రెండెకరాలు అమ్మగా వచ్చింది. భిశీ ఎత్తుకున్నది. ఒక తరం మొత్తం పడ్డ కష్టం ఒక చెక్కు రూపంలో చేతిలోకి వచ్చినప్పుడు 'ఎక్కడైనా పెట్టుబడి పెట్టాలి' అనే తొందర పుడుతుంది. ఆ తొందర వాసన పట్టే మనుషులు ధామణ్‌కర్ నాకా నుంచి కల్యాణ్ నాకా దాకా ప్రతి టీ కొట్టు దగ్గరా ఉన్నారు. వాళ్లలో సగం మంది మన భాషే మాట్లాడతారు. అందుకే కదా నమ్మేది.

రైల్వే పార్సిల్ ఆఫీసు సంగతి చెప్తాం. మూట దించుకోవడానికి వచ్చినవాడు రైల్వే రసీదు చూపించాలి. రసీదు లేకపోతే మూట ఇవ్వరు. వచ్చినవాడు గుమాస్తాకి బావమరిది అయినా సరే, మూట మీద వాడి పేరే రాసి ఉన్నా సరే. రసీదు పోయిందంటే స్టాంపు కాగితం మీద ఇండెమ్నిటీ బాండు రాసి, జామీను పెట్టి తీసుకెళ్లాలి. నూట యాభై రూపాయల తువ్వాళ్ల మూటకి ఇంత తతంగం. దానికి ఎవరూ కోపం తెచ్చుకోరు, 'నామీద నమ్మకం లేదా' అనరు. ముప్పై లక్షల ఇంటికి మాత్రం కాగితం అడగడం అవమానం! అడిగినవాడు 'శంకించే మనిషి', చూపించనివాడు 'పెద్దమనిషి'. ఈ తిరకాసు మర్యాద మనకి ఎవరు నేర్పారో తెలియదు.

కాగితం లేకపోతే ఏం చూపిస్తారు? నాలుగు చూపిస్తారు. ఘర్‌పట్టీ రసీదు, కరెంటు మీటరు, నోటరీ చేసిన అగ్రిమెంటు, గ్రామపంచాయతీ దాఖలా. ఈ నాలుగూ ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టి ఇస్తే మనవాళ్లు కళ్లకి అద్దుకుంటారు.

ఘర్‌పట్టీ అంటే ఇంటి పన్ను. ఇల్లు ఉంది కాబట్టి పన్ను వేస్తారు, ఇల్లు న్యాయమైనది కాబట్టి కాదు. మహారాష్ట్ర మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలో 267ఏ అని ఒక సెక్షన్ ఉంది. అనుమతి లేని కట్టడం మీద మామూలు పన్నుకి తోడు దానికి రెండింతల జరిమానా వేయొచ్చు, ఆ జరిమానా కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదు అని అందులోనే ఉంది. అంటే మీరు చూసి మురిసిపోయే రసీదు ఆ కట్టడం అక్రమం అని చెప్పే రసీదే అయి ఉండొచ్చు. రసీదులో ఏ పద్దు కింద ఎంత వేశారో చదివిన మనిషిని మేము ఇప్పటిదాకా ఒక్కణ్ణీ చూడలేదు.

కరెంటు మీటరు అంతే. అక్కడ వాడకం ఉంది అని చెప్తుంది, అంతకంటే ఏమీ చెప్పదు.

నోటరీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన బస్తీల్లో సగం బేరాలు దాని మీదనే నడుస్తున్నాయి. వంద రూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్తోంది. నోటరీ ముద్ర ఏం చెప్తుంది? ఫలానా మనిషి ఫలానా రోజు నా ముందు సంతకం పెట్టాడు అని. అంతే. వాడు దేని మీద పెట్టాడో, వాడికి ఆ హక్కు ఉందో లేదో నోటరీ చూడడు. ముఖ్తియార్‌నామా, అంటే పవర్ ఆఫ్ అటార్నీ పెట్టుకుని ఇళ్లు చేతులు మార్చడం గురించి సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పేసింది, దానివల్ల యాజమాన్యం మారదు అని. పదేళ్లు దాటిపోయింది. మన దగ్గర ఇంకా 'పవర్ మన పేరు మీదనే ఉంది' అని ధైర్యంగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు.

ఇంకొకరు తెలివిగా అంటారు, మాది నోటరీ కాదు, రిజిస్ట్రేషనే అయింది, కాబట్టి అంతా లీగల్ అని. అదీ కాదు. సబ్ రిజిస్ట్రారు కాగితాన్ని నమోదు చేస్తాడు, అమ్మేవాడి హక్కుని పరీక్షించడు. మేము పుట్టి పెరిగిన తమిళనాడులో ఒక నిబంధన పెట్టారు, అమ్మేవాడు తన హక్కు చూపిస్తేనే రిజిస్టరు చేయాలని. హక్కు తేల్చే అధికారం సబ్ రిజిస్ట్రారుకి లేదని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. అంటే చూసుకోవాల్సింది కొనేవాడే. కిటికీ దగ్గర టికెట్ ఇచ్చిన గుమాస్తా మీ బండి సరైన ప్లాట్‌ఫారం మీద ఉందో లేదో చూడడు గదా.

అదే తమిళనాడులో ఈసీని 'విల్లంగ' సర్టిఫికెట్ అంటారు. విల్లంగం అంటే చిక్కు, తంటా. చిక్కు ఉందో లేదో చూసుకో అని పేరులోనే పెట్టారు. ఆంధ్ర, తెలంగాణల్లో కూడా ఈసీ తీయించడం అందరికీ అలవాటే. మహారాష్ట్రలో ఆ పేరుతో దొరికే ఆ ఒక్క కాగితం లేదు. ఇక్కడ ఇండెక్స్ టూ చూడాలి, వకీలు చేత ముప్పై ఏళ్ల సర్చ్ రిపోర్టు రాయించాలి. మన ఊరి అలవాటులో ఈసీ అడగడం, అది ఇక్కడ లేదని తెలిసి ఊరుకోవడం చాలామంది చేస్తున్న పని. లేనిది ఆ పేరు గల కాగితం, వెతికే దారి కాదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఇండెక్స్ టూ వివరాలు ఉచితంగా వెతకొచ్చు.

ఇక సాత్‌బారా. ఊళ్లో పహాణీ ఎలాగో ఇక్కడ ఇది అలాగ. ఏడో నమూనా, పన్నెండో నమూనా కలిపిన కాగితం కాబట్టి సాత్‌బారా. డిజిటల్ సంతకం ఉన్నది పదిహేను రూపాయలకి ప్రభుత్వ వెబ్‌సైటులో దొరుకుతుంది. పదిహేను రూపాయలు! మన గ్రూపులో పంచుకునే ఉదయపు శుభాకాంక్షల బొమ్మలకి ఖర్చయ్యే డేటా విలువ అంతకంటే ఎక్కువ ఉంటుంది. బ్రోకరు ఇచ్చిన జిరాక్సు చూడొద్దు, మీరే తీయండి. వాడు ఇచ్చింది మూడేళ్ల కిందటిది అయి ఉంటుంది, ఆ మూడేళ్లలోనే అసలు కథ జరిగి ఉంటుంది.

తీశాక ఎక్కడ చూడాలి? అందరూ పేరు చూసి ఆపేస్తారు. పేరు పక్కన భూధారణ పద్ధతి అని ఉంటుంది. భోగవటాదార్ వర్గ్ ఒకటి అంటే అమ్ముకోవచ్చు. వర్గ్ రెండు అంటే ప్రభుత్వం షరతులు పెట్టి ఇచ్చిన భూమి, కలెక్టరు అనుమతి లేకుండా చేతులు మారకూడదు. ఆ తర్వాత 'ఇతర్ అధికార్' అనే గడి. మా అనుభవంలో అసలు సంగతులన్నీ ఇక్కడే దాక్కుంటాయి. కూళ్ పేరు అంటే కౌలుదారు పేరు ఉందా? కౌలు చట్టం 43వ సెక్షన్ షరతు ఉందా? బ్యాంకు బోజా ఉందా? ఫలానా ప్రాజెక్టు కోసం భూసేకరణ అని ఉందా? మన తాలూకా మీదుగా బుల్లెట్ ట్రైన్ గీత పోతోంది, గూడ్సు బళ్ల ప్రత్యేక కారిడార్ పోతోంది, ఎక్స్‌ప్రెస్ హైవేలు పోతున్నాయి. వాటి కోసం తీసుకోవలసిన ముక్కలో 'హైవే టచ్' అని చెప్పి ప్లాట్లు అమ్మే ఘనులు ఉంటారు. టచ్ నిజమే, హైవే మీ ప్లాటు మీదుగానే పోతుంది.

ఆ తర్వాత ఫేర్‌ఫార్‌లు. ఒక్కో మార్పుకి ఒక నంబరు ఉంటుంది, ఆ నంబర్లు సాత్‌బారా మీదనే ఉంటాయి. ఒక్కొక్కటీ తీసి చదివితే ఆ భూమి కుటుంబ చరిత్ర మొత్తం వస్తుంది. తండ్రి పోయాడు, నలుగురు కొడుకులు ముగ్గురు కూతుళ్లు. సాత్‌బారా మీద నలుగురే. ఆ ముగ్గురూ ఏమయ్యారు? హక్కు వదులుకున్నట్టు రిజిస్టరైన హక్క్‌సోడ్ పత్రం ఉందా, లేక తలాఠీ దగ్గర ఎవరో పేర్లు రాయించకుండా వదిలేశారా? 2005 సవరణ తర్వాత కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంది, తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేదా అనేదానితో పని లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. మీరు గోడలు లేపాక, గృహప్రవేశం అయ్యాక ఆ అక్కచెల్లెళ్లు కోర్టు నోటీసుతో వస్తారు. వాళ్లది తప్పు కాదు. వాళ్ల పుట్టింటి వాటా అది. నోటీసు పట్టుకుని మన 'మనోడు' దగ్గరికి వెళ్తే వాడు అప్పటికి ఊళ్లో పెళ్లికి వెళ్లి ఉంటాడు. ఆ పెళ్లి ఏడాది పొడుగునా నడుస్తుంది.

ఇంకో మాట. సాత్‌బారా రెవెన్యూ దాఖలా, అది ఒక్కటే యాజమాన్యం ఇవ్వదు. కాబట్టి సాత్‌బారా ఉంది అంటే పని అయిపోలేదు, మొదలైంది.

'మాకు మరాఠీ చదవరాదన్నా' అంటారు. మేము బళ్లో చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడే భాష, అక్షరాలు పెద్దయ్యాక సినిమా పోస్టర్లు చూసి కూడబలుక్కున్నాం. మరాఠీ ఉద్యోగానికి వచ్చాక ఫారాలు నింపుతూ వచ్చింది. ఇప్పుడు సాత్‌బారా చదివి పెడుతున్నాం. నలభై ఏళ్లుగా ఇక్కడ ఉండి, కూరగాయల బేరం మరాఠీలో అర్ధ రూపాయి తేడా రాకుండా ఆడే మనకి ఆస్తి కాగితం దగ్గరికి వచ్చేసరికి భాష రాకుండా పోతుంది. మీ ఇంట్లో మునిసిపల్ బడికో మరాఠీ బడికో వెళ్లే పిల్లో పిల్లాడో ఉంటే వాళ్ల చేత చదివించండి, గంటలో అయిపోతుంది.

గ్రామపంచాయతీ దాఖలా విషయం. కాల్హేర్, కశేళీ, పూర్ణా, దాపోడే, మాణ్‌కోలీ అంటూ మన ఊరి చుట్టూ గోదాములూ చాళ్లూ ఎలా లేచాయో అందరం చూశాం. కార్పొరేషన్ హద్దు దాటితే అనుమతి సర్పంచి ఇస్తాడు అని ఒక గట్టి నమ్మకం ఉంది. భివండి చుట్టుపక్కల నోటిఫై అయిన గ్రామాలకి 2007 నుంచి ప్లానింగ్ అధికారం ఎమ్మెమ్మార్డీయేది. సర్పంచి ముద్ర ఎంత గుండ్రంగా ఉన్నా సరే, అక్కడ బహుళ అంతస్తులకి అది అనుమతి కాదు. వ్యవసాయ భూమి అయితే ఇంకో మెలిక: రైతు కానివాడు కొనకూడదు. గుంఠా లెక్కన ముక్కలు చేసి అమ్మడానికి 1947 నాటి తుకడేబందీ చట్టం అడ్డం. దానికి అప్పుడప్పుడు సడలింపులు వస్తుంటాయి, నిజమే. మీ ముక్కకి ఆ సడలింపు వర్తిస్తుందో లేదో వకీలు రాతలో చెప్పాలి, బ్రోకరు నోటితో కాదు.

రేరా సంగతి. ఐదు వందల చదరపు మీటర్లు దాటిన స్థలంలో, ఎనిమిది ఫ్లాట్లు దాటి కట్టే కొత్త ప్రాజెక్టుకి మహారేరా నంబరు తప్పనిసరి. అది లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పది శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. మన గ్రూపులో వచ్చే ప్రకటనలని ఈ ఒక్క గీటురాయి మీద గీసి చూడండి, ఎన్ని మిగులుతాయో.

కానీ ఇక్కడే ఆగిపోయినవాళ్లు కూడా మునిగారు. మాణ్‌కోలీ వంతెన దాటితే డోంబివలి. అక్కడ 65 భవనాలకి కార్పొరేషన్ అనుమతి ఉన్నట్టు దొంగ కాగితాలు సృష్టించి, వాటితో మహారేరా నంబర్లు తెచ్చుకున్నారు. నంబరు ఉంది కాబట్టి బ్యాంకులు అప్పులిచ్చాయి, జనం కొన్నారు. 2024 నవంబరులో బొంబాయి హైకోర్టు ఆ భవనాలని కూల్చమంది. వేల కుటుంబాలు, ఇంటి మీద కంతు ఇంకా కడుతున్నవాళ్లు. అక్కడ కొన్నవాళ్లు మూర్ఖులు కాదు, చదువుకున్నవాళ్లే. వాళ్లు వేయని అడుగు ఒక్కటే: అనుమతి కాగితం మీద ఉన్న నంబరు పట్టుకుని కార్పొరేషన్ నగర రచనా విభాగానికి వెళ్లి, ఇది మీరిచ్చిందేనా అని అడగడం. సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు చాలు. నాలాసోపారాలో 41 భవనాలు మురుగునీటి శుద్ధికీ చెత్త డంపింగుకీ కేటాయించిన స్థలంలో కట్టారు. 2025 మొదట్లో బుల్డోజర్లు వచ్చాయి. డీపీ నకాశా చూస్తే ఆ కేటాయింపు కనిపించేది.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకో తీర్పులో చెప్పింది: ఎన్నేళ్లు గడిచినా, ఎంత డబ్బు పెట్టినా అక్రమ కట్టడం సక్రమం కాదు, బ్యాంకులు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూసే అప్పు ఇవ్వాలి అని. ఈ 'ఓసీ' అనే రెండక్షరాలు మీ ప్లాస్టిక్ ఫోల్డరులో ఉన్నాయా?

గాలా కొనేవాళ్లకి రెండు ముక్కలు. పాత కరెంటు బాకీ ఉందేమో చూసుకోండి. నిబంధనల్లో వీలుంటే ఆ బాకీ కొత్త యజమాని దగ్గర కూడా అడగొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పగ్డీ గాలా అయితే మీరు కొనేది అద్దె హక్కు, గాలా కాదు. బంగారం అమ్మి పగ్డీ ఇచ్చి 'సొంత గాలా' అని చెప్పుకోవడం ఆపండి.

సరే, కాగితాలన్నీ బాగానే ఉన్నాయి అనుకుందాం. లెక్క వేశారా? గుమాస్తా బుద్ధి, క్షమించండి, లెక్క వేయకుండా ఉండలేం. ఉదాహరణకి ముప్పై లక్షల ఫ్లాటు, నెలకి ఎనిమిది వేలు అద్దె అనుకోండి. ఏడాదికి 96,000. ఒక నెల ఖాళీ ఉంటే 88,000. సొసైటీకి నెలకి పదిహేను వందలు, అంటే 18,000. ఘర్‌పట్టీ ఆరు వేలు, రంగు రిపేరు ఆరు వేలు. మిగిలేది 58,000. వందకి రెండు రూపాయలు కూడా రాలేదు. అరవై నిండినవాళ్లకి పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో ముప్పై లక్షల దాకా పెట్టొచ్చు. 8.2 శాతం వడ్డీ అంటే మూడు నెలలకి 61,500. పైన చెప్పిన ఫ్లాటు ఏడాది మొత్తంలో ఇచ్చేదానికంటే మూడు నెలల్లోనే ఎక్కువ. కిరాయిదారుతో గొడవ లేదు, కారే పైకప్పు లేదు.

'ధర పెరుగుతది గదా' అంటారు. పెరుగుతుంది, కాగితం ఉన్నదానికి. ఓసీ లేనిదాన్ని రేపు మీ దగ్గర కొనేవాడికి బ్యాంకు అప్పు ఇవ్వదు, కాబట్టి నగదు ఉన్నవాడే కొనాలి. అలాంటివాడు మీ ధర ఎందుకిస్తాడు? ఇక ఆ నగదు. స్థిరాస్తి బేరంలో ఇరవై వేలు దాటి నగదు తీసుకోకూడదని 2015 నుంచి చట్టం ఉంది, తీసుకున్నంత జరిమానా. మెట్రో సంగతి కూడా చెప్పాలి. ఠాణే-భివండి-కల్యాణ్ లైనుకి 2018 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. ఆ వారం నుంచి ఈ వారం దాకా 'మెట్రో వచ్చేస్తోంది' అనే మాట మీద ఎన్ని గదులు అమ్ముడుపోయాయో మెట్రోవాళ్లకి కూడా తెలియదు. 2025 జూన్‌లో సమృద్ధి మార్గం ఆమణే దాకా వచ్చింది, ఇప్పుడు ఆ పేరు మీద అమ్ముతున్నారు. రోడ్డు నిజం, మెట్రో స్తంభాలు నిజం. వాటి పక్కన మీకు చూపించే గోడ నిజమా అన్నదే ప్రశ్న.

ఇంతవరకు డబ్బు మాట. ఇప్పుడు అసలు మాట.

2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున పటేల్ కాంపౌండ్‌లో జిలానీ బిల్డింగ్ కూలింది. జనం నిద్రలో ఉన్నారు. నలభై మంది దాకా పోయారు, అందులో పసిపిల్లలు ఉన్నారు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2023 ఏప్రిల్ 29న వల్‌పాడాలో వర్ధమాన్ కాంపౌండ్ కూలి ఎనిమిది మంది పోయారు, కింద గోదాము, పైన కాపురాలు. ఆ దుమ్ము మన బట్టల మీద కూడా పడింది, మరిచిపోయామా? ఇలాంటి భవనాల్లో ఉండేది ఎవరు? సాంచాల మీద పనిచేసే కూలీలు, గోదాములో మూటలు మోసేవాళ్లు, వాళ్ల పిల్లలు. పెట్టుబడి పెట్టినవాడు అక్కడ పడుకోడు. అద్దె తీసుకుంటాడు.

కాబట్టి 'నా డబ్బు, నా రిస్కు, నీకేం' అనే జవాబు మేము ఒప్పుకోం. అనుమతి లేని భవనంలో పిల్లర్లో ఎంత ఇనుము వేశారో చూసిన ఇంజనీరు ఉండడు. ఆ గది మీరు కొని ఇంకొకరికి అద్దెకిస్తే రిస్కు మీది కాదు, ఆ కుటుంబానిది. ముప్పై ఏళ్లు దాటిన భవనానికి స్ట్రక్చరల్ ఆడిట్ తప్పనిసరి అని చట్టం చెప్తోంది. పాత భవనంలో గది కొనే ముందు ఆ రిపోర్టు అడిగారా? కార్పొరేషన్ ప్రతి ఏటా వానాకాలం ముందు ప్రమాదకర భవనాల జాబితా వేస్తుంది. మీరు కొన్న భవనం పేరు అందులో ఉందేమో చూశారా?

మాతో వాదించేవాళ్లు ఒక మంచి మాట అంటారు, దాన్ని పక్కన పెట్టలేం. పేదవాడు రేరా ఫ్లాటు ఎక్కడ కొనగలడు, నోటరీ గది కాకపోతే వాడు ఫుట్‌పాత్ మీద ఉండాలా అని. నిజం. తల దాచుకోవడానికి గత్యంతరం లేక నోటరీ గది కొన్న మనిషిని మేము ఒక్క మాట అనం. వాడికి చవక ఇల్లు కట్టించి ఇవ్వని ప్రభుత్వాన్ని అడగాలి. కానీ ఇప్పుడు మన గ్రూపులో తిరుగుతున్న ప్రకటనలు వాడి కోసం కాదు. సొంత ఇల్లు ఉండి, రెండోదీ మూడోదీ 'పెట్టుబడి' కోసం కొనేవాళ్ల కోసం. వాళ్లకి నెత్తి మీద వాన పడటం లేదు. నెల రోజులు ఆగి కాగితాలు చూడటానికి వచ్చిన తొందర ఏమిటి? పేదవాడి అవసరాన్ని అడ్డం పెట్టుకుని ఉన్నవాడి బద్ధకాన్ని సమర్థించడం బాగాలేదు.

ఇంకొకరు అంటారు, సంఘం పని పెళ్లిళ్లు, జయంతి, పిల్లల బహుమతులు, ఇందులో సంఘానికేం పని అని. పని లేకపోతే జయంతి వేదిక వెనక ఆ బ్యానర్లు ఎలా వచ్చాయి? చందా ఎవరిస్తే వాళ్ల పేరు కట్టడం ఆనవాయితీ అయింది. బిల్డరు పదకొండు వేలు చందా ఇస్తాడు, అధ్యక్షుల వారి చేత శాలువా కప్పించుకుంటాడు, ఆ ఫోటో పట్టుకుని మన ముసలివాళ్ల ఇళ్లకి వెళ్తాడు. శాలువా కప్పినప్పుడు సంఘం తన పరపతి వాడి చేతికి ఇచ్చింది. పదకొండు వేలకి! ఇంత చవక బేరం భివండిలో ఇంకోటి లేదు.

బేరం కుదిర్చి వందకి రెండు రూపాయలు తీసుకునే సభ్యుల గురించి కూడా చెప్పేస్తాం, కోపం వస్తే రానీ. అది సేవ కాదు, ఏజెంటు పని. రేరా ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మించే ఏజెంటుకి కూడా మహారేరా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ఇప్పుడు పరీక్ష కూడా రాయాలి. 'అన్నా, నీ ఏజెంటు నంబరెంత?' అని అడగండి. ముఖం చూడండి.

మేము కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చింది ఇది. సర్వే నంబరు, అనుమతి ఇచ్చిన అధికారి పేరు, అనుమతి నంబరు, వర్తిస్తే రేరా నంబరు లేని ఏ ప్రకటననూ సంఘం గ్రూపులో ఉంచకూడదు, అడ్మిన్ తీసేయాలి. జయంతి వేదిక మీద, సంఘం హాల్లో స్థలాల వ్యాపారుల బ్యానర్లు, శాలువాలు ఆపాలి. చందా తగ్గితే మేము పెన్షనులోంచి వేసుకుంటాం. కమిటీలో ఎవరైనా ఏ ప్రాజెక్టులోనైనా కమిషనో భాగమో తీసుకుంటూ ఉంటే సర్వసభ్య సమావేశంలో చెప్పి మినిట్స్‌లో రాయించాలి. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా హాల్లో ఒక బల్ల ఇవ్వాలి. ఎవరి కాగితాలైనా తెస్తే చదివి, ఏం లేదో రాసి ఇస్తాం, ఫీజు లేదు. వకీలు అవసరమైతే వకీలు దగ్గరికే పంపుతాం, మేము వకీళ్లం కాదు.

వచ్చేటప్పుడు బ్రోకరుని వెంట తీసుకురావొద్దు. బయానా ఇవ్వకముందు రండి. ఇచ్చాక వచ్చేవాళ్లకి కూడా చదివి పెడతాం, కానీ అప్పుడు మేము చెప్పేది వినడానికి మీకూ బాగుండదు, చెప్పడానికి మాకూ బాగుండదు.

ఈ ఉత్తరం సంఘం ఆఫీసులో ఇచ్చాం. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర, తేదీ, సంతకం వేయించుకున్నాం. 'మనోడివే గదా, ముద్ర ఎందుకన్నా' అని అడిగాడు ఆఫీసు కుర్రాడు. వేయించుకునే వచ్చాం.